మూతకు పట్టిన ఆవిరి

షోగో వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో రోజూ ఒక మనిషికి ఎక్కువ వండుతారు. ఆ మనిషి పేరు సోకిచి, అమ్మమ్మకు తోడబుట్టిన అన్న. యుద్ధం ఇక ముగుస్తుందనగా ఆ వసంతంలో, హయబుసా అనే చిన్న యుద్ధవిమానం ఎక్కి దక్షిణ సముద్రం మీదికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు, చెల్లెలు కినుయేకి పదమూడు. ఆ కినుయేకే, అంటే అమ్మమ్మకే, ఇప్పుడు ఎనభై ఏడు. ఆయన వయసూ మారలేదు, ఆయన గిన్నే మారలేదు.

ఊళ్ళో లేనివాళ్ళకు పెట్టే ఈ అన్నాన్ని జపాన్‌లో కగెజెన్ అంటారు. దూరాన ఉన్నవాడు ఏ పూటా పస్తుండకూడదని, మిగతావాళ్ళతో పాటు వాడు కూర్చునే చోట కూడా గిన్నె పెట్టి, వేడన్నం వడ్డించి మూత పెడతారు. అందరి భోజనాలూ అయ్యాక ఆ మూత తీసి చూస్తారు. లోపలి వైపు ఆవిరి చుక్కలు పట్టి ఉంటే మనిషి ఎక్కడున్నా క్షేమమేనని లెక్క. పోయినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ అన్నం పెద్దల పటాలుండే గూటి ముందుకు వెళ్తుంది. మనిషి పోయినప్పుడు ఆ అన్నంలో తినే పుల్లలు నిలువుగా గుచ్చుతారు. అందుకే ఏ పిల్లవాడైనా తెలియక అన్నంలో పుల్లలు గుచ్చి వదిలేశాడా, వీపు విమానం మోతే.

యుద్ధం అయ్యాక సోకిచి పేరు మీద ఆ ఇంటికి సైన్యం నుంచి తెల్లగుడ్డ చుట్టిన చెక్కపెట్టె ఒకటి వచ్చింది. లోపల అస్థికలు లేవు, గులకరాయి ఉంది. వాళ్ళమ్మ పెట్టె మూసేసి, "నేను గులకరాయిని కన్నానా? నా కొడుకు ఏమయ్యాడో తెలిసిన రోజున గూట్లో పెడతాను," అంది. ఆ పూట కూడా మామూలుగానే గిన్నె పెట్టింది. ఆమె పోయాక ఆ పని కినుయే చేతికొచ్చింది. సోకిచి ఫోటో కూడా గూట్లోకి ఎక్కలేదు. గోడ మీద, గడియారం పక్కన ఉంటుంది.

"వేడన్నం మీద మూత పెడితే ఆవిరి పట్టక ఇంకేం పడుతుందే అమ్మా?" అని షోగో వాళ్ళమ్మ మిచియో ఏడిపిస్తూ ఉంటుంది.

"పట్టిందా లేదా? అంతవరకే చెప్పు," అంటుంది అమ్మమ్మ.

"పట్టింది."

"మరింకేం. ఆ ముల్లంగి ఊరగాయ ఇటు తోయ్."

షోగో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న మాటలివి. ఆ ఇంట్లో సోకిచి తాత చచ్చిపోయాడని ఎవరూ అనరు. రాలేదు అంటారు. ఆ రెండింటికీ తేడా ఏమిటని షోగో చిన్నప్పుడు ఒకసారి అడిగితే, అమ్మమ్మ వాడి తల నిమిరి నారింజపండు చేతిలో పెట్టింది.

పెద్దయ్యాక షోగో ఫుకుఒకా నగరంలో ఓ చిన్న వీడియో ఆటల కంపెనీలో చేరాడు. వాడి పని కంప్యూటర్లో విమానాలు కట్టడం. విదేశీ సంస్థ ఒకటి పెద్ద ఎత్తున ఆకాశయుద్ధం ఆట తయారుచేస్తూ, అందులోని జపాన్ విమానాల పని వీళ్ళకు అప్పగించింది. హయబుసా షోగో వంతుకు వచ్చింది. ఇంకేం, వాడికి తిండీ నిద్రా లేవు. మ్యూజియంలో ఉన్న విమానం చుట్టూ టేపు పట్టుకుని తిరిగి, తాడు దాటినందుకు కాపలావాడి చేత చీవాట్లు తిన్నాడు. ఏ రేకు ఎక్కడ అతికారో, ఎండకు రంగు ఎక్కడ వెలిసిందో, రెక్కలో పెట్రోలు టాంకు ఎంత మేర ఉంటుందో అంతా ఉన్నదున్నట్టు దించాడు. ప్రతి విమానం తోక మీదా పాత ఫోటోల్లోంచి తీసిన అసలు నంబరే ఉండాలని పైవాళ్ళు షరతు పెట్టారు. గడియారం పక్కనున్న ఫోటోలో సోకిచి తన విమానం తోకకు వీపు ఆనించి నవ్వుతున్నాడు. భుజం పక్కన యాభై ఏడు అని కనిపిస్తోంది. షోగో యాభై ఏడు వేశాడు.

గుడి ముందు రాతిదీపం మీద పెద్దల పేరు చెక్కించినట్టే ఇదీ అనుకున్నాడు. ఎవరినీ అడగలేదు. మంచిపనే కదా, అడగడమెందుకు అనుకుని చేసేసే పనులతోనే మనుషులు ఎక్కువగా నెత్తిమీదికి తెచ్చుకుంటారు.

కొత్త సంవత్సరానికి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మకు చెప్పాడు. "సోకిచి తాత విమానం మళ్ళీ ఎగురుతుంది అమ్మమ్మా. నంబరుతో సహా."

ఆమె చేతిలో టీ గ్లాసు కింద పెట్టి, "ఎక్కడా?" అంది.

"టీవీలో. ఆటలో."

"అన్నయ్య ఒక్కసారి మనింటి మీదుగా ఎగిరాడ్రా, తెలుసా? మన పెరట్లో పండుచెట్టు లేదూ, సరిగ్గా దాని మీద గిర్రున మలుపు తిప్పాడు. ఆరేసిన బట్టలన్నీ కొట్టుకుపోయి పొలంలో పడ్డాయి. మా అమ్మ గరిటె పట్టుకుని ఆకాశానికేసి తిట్టింది. 'దిగు, నీ సంగతి చెప్తా' అని." అమ్మమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "ఆ మలుపు కూడా ఉంటుందా?"

"ఎందుకుండదు? హయబుసాకి మలుపు వెన్నతో పెట్టిన విద్య."

మర్నాటికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. చేపల కొట్టామె దగ్గర్నుంచి గుడి పూజారి దాకా అందరూ షోగోని ఆపి మెచ్చుకున్నారు.

వానాకాలం మొదట్లో, సెక్షన్ పెద్ద ఉసామి గారు షోగోని తన బల్ల దగ్గరికి పిలిచాడు. మనిషి ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు ట్రీట్ ఇవ్వాలోయ్. పైవాళ్ళు నీ హయబుసా చూసి మూర్ఛపోయారట. ఇంత అందమైన విమానం ఎక్కడో మూల పడుండడం ఏంటి, ఆట మొదలెట్టిన ప్రతివాడూ ముందు దీన్నే చూడాలి అన్నారట. మొదటి పాఠంలో పెట్టేశారు."

"మొదటి పాఠంలో ఏం చేస్తుందండీ?"

"ఏం చేస్తుందీ, ఎదురుగా ఎగురుతుంది. కొత్తవాడు గురి చూసి కాల్చడం నేర్చుకోవాలి కదా."

"దీన్నా కాల్చేది?"

"మరి దేన్ని కాలుస్తారు, కొంగనా?" ఉసామి గారు పకపకా నవ్వాడు. నవ్వి, ఎదుటివాడి ముఖం చూసి ఆపేశాడు. "ఏమైందోయ్?"

షోగో చెప్పాడు. తోక మీద నంబరు మా తాతదండీ అన్నాడు. మా అమ్మమ్మ చూస్తానని కూర్చుంది అన్నాడు. విమానం ఉండనివ్వండి, కనీసం నంబరైనా మార్చనివ్వండి అన్నాడు. ఉసామి గారు చెడ్డవాడేం కాదు. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇప్పుడు ఒక్క చుక్క కదిపినా మొత్తం మళ్ళీ పరీక్షించాలి అంటారు. అయినా పైవాళ్ళతో మాట్లాడి చూద్దాం."

ఇక్కడ 'చూద్దాం' అంటే చూడరని పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు. తెలిసి కూడా షోగో నడుం వంచి దండం పెట్టి, "శ్రమ ఇస్తున్నాను, మన్నించండి," అని తన సీటుకి వచ్చేశాడు. బల్ల గుద్ది అరిచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. బహుశా ఏమీ అయ్యేది కాదు. కానీ ఇక్కడ అరవరు. ఆ తర్వాత ఉసామి గారు నడవలో ఎదురైనప్పుడల్లా వాతావరణం గురించి మాట్లాడాడు.

అడుసు తొక్కడం అయిపోయింది, ఇక కాలు కడుక్కోవడమే మిగిలింది. షోగో ఒక ఉపాయం ఆలోచించాడు. ఆటలో యుద్ధం లేకుండా ఊరికే ఎగిరే భాగం ఒకటుంది. అందులో ఇష్టమైన విమానం ఎక్కి లేవచ్చు, తిరగచ్చు, దిగచ్చు. అమ్మమ్మకు అది చూపిస్తే సరి. యాభై ఏడో నంబరు లేస్తుంది, మలుపు తిరుగుతుంది, వచ్చి నేల మీద వాలుతుంది. దించడం చాలా కష్టం, చక్రాలు అదాటున తగిలితే విమానం పల్టీ కొడుతుంది. షోగో రోజూ ఆఫీసులో భోజనం మానేసి మరీ సాధన చేశాడు. ఆగస్టు వచ్చేసరికి, నీళ్ళ గ్లాసు నింపి రెక్క మీద పెట్టినా తొణక్కుండా దించగలిగేవాడు.

పోయిన పెద్దలు ఇంటికొచ్చే ఓబోన్ పండగకి, అప్పటికే బజారులోకి వచ్చిన ఆ ఆటతో సహా కొత్త ఆటపెట్టె ఒకటి కొనుక్కుని సొంతూరు కికుచిలో బస్సు దిగాడు. అమ్మమ్మ ఉతికిన కిమోనో కట్టుకుని, టీవీ ముందు దిండు వేసుకుని సిద్ధంగా కూర్చుని ఉంది. గోడ మీంచి సోకిచి ఫోటో దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఫోటో ఎందుకే?" అంది మిచియో పుచ్చకాయ ముక్కలు తెచ్చి పెడుతూ.

"తన విమానం తను చూసుకోవద్దూ?"

షోగో తీగలు తగిలించాడు. బొమ్మ వెలిగింది, సంగీతం మోగింది. వాడు ఊరికే ఎగిరే భాగం కోసం వెతికితే, దాని మీద తాళం గుర్తు ఉంది. ఆఫీసు మిషన్లలో అన్నీ తెరిచే ఉంటాయి, తయారుచేసేవాళ్ళవి కదా. కొత్త పెట్టెలో మొదటి పాఠం పూర్తిచేస్తే తప్ప మరో తలుపు తెరుచుకోదు. ఆట మొదలుపెట్టేవాళ్ళందరికీ తెలిసే ఈ ముక్క, ఆట కట్టినవాడికి తట్టలేదు. ఏ మీటా నొక్కకుండానే తెర నీలంగా మారిపోయి, కింద సముద్రం, పైన మబ్బులు, ఎదురుగా, కాస్త దూరంలో, ఆకుపచ్చ విమానం ఒకటి వచ్చేసింది. తోక మీద యాభై ఏడు.

"అయ్యో," అంది అమ్మమ్మ. ఫోటో పైకెత్తి, చేత్తో టీవీ వైపు తిప్పింది.

"అమ్మమ్మా, ఇది కాదు. తప్పు చోటికి వచ్చాం. ఆపేసి మళ్ళీ పెడతాను."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా. చూడనీ."

"ఇది బాగుండదు అమ్మమ్మా, ఇంకోటి ఉంది..."

"చూడనీయరా!"

ఎనభై ఏడేళ్ళ మనిషి అలా కసిరితే చెయ్యి ముందుకు సాగదు. షోగో మీటల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలు మీట మీంచి తీసేసి కూర్చున్నాడు. నేను కాల్చకపోతే ఎవరు కాలుస్తారు అనుకున్నాడు. ఎంతసేపైనా అలా ఎగురుతూనే ఉంటుంది. ఆవిడ అలిసిపోయి, చాల్లే అంటుంది. అప్పుడు ఆపేయచ్చు.

ఆటలోంచి ఒక గొంతు పలికింది. "ముందున్నది శత్రు విమానం. గురి చూసి కాల్చు."

"ఎవర్రా ఆ మాట్లాడేవాడు?" అంది అమ్మమ్మ.

"ఆట నేర్పే మాస్టారు అమ్మమ్మా. పక్క విమానంలో ఉంటాడు."

"శత్రువంటాడేంటి?"

షోగో తల దించుకున్నాడు. మిచియోకి అప్పుడు అర్థమైంది. పుచ్చకాయ పళ్ళెం కింద పెట్టేసి, "చార్జర్ ఏదో ఊడిపోయిందని చెప్పి ఆపెయ్," అని కొడుకు చెవిలో గొణిగింది. గొణిగితే ఏం లాభం, ముసలావిడ కళ్ళు తెరకు అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇప్పుడు తిరుగుతాడు చూడండి," అంది ఆవిడ. "అన్నయ్య మలుపు తిప్పాడంటే ఎవడి చేతికీ చిక్కడు."

విమానం తిరగలేదు. సూటిగా, ఒకే ఎత్తులో, ఒకే వేగంతో పోతోంది. అలా పోవడమే దాని పని. దాన్ని మలుపు తిప్పితే కొత్తవాళ్ళు గురి తప్పుతారు.

"వెనకాల మనం ఉన్నట్టు తెలీదా వాడికి? షోగో, కేకెయ్యరా."

"వినపడదు అమ్మమ్మా."

"కాల్చు," అంది మళ్ళీ మాస్టారి గొంతు, విసుగు లేకుండా, పసిపిల్లలకు చెప్పినట్టు. షోగో కాల్చలేదు. మూడోసారి చెప్పాక ఆ గొంతు, "పర్వాలేదు. ఈసారికి నేను చేసి చూపిస్తాను, జాగ్రత్తగా గమనించు," అంది. కాల్చలేనివాళ్ళు మొదటి పాఠంలోనే ఆగిపోకూడదని ఏ పుణ్యాత్ముడో ఆ ఏర్పాటు చేశాడు. ఆ సంగతి షోగోకి ఎవరూ చెప్పలేదు. వాడు విమానం మాత్రమే కట్టాడు.

పక్కనుంచి ఎర్రటి గీతలు వెళ్ళి ఎడమ రెక్కకు తగిలాయి. టాంకు ఉన్నచోటే మంట లేచింది. టాంకు అక్కడుందని కొలిచి మరీ చెప్పింది షోగోనే. విమానం కాసేపు మండుతూ కూడా సూటిగానే పోయి, తర్వాత ఒక పక్కకు ఒరిగి, తోక మీద నంబరు ఒక్కసారి స్పష్టంగా కనపడేలా తిరిగి, సముద్రంలోకి వెళ్ళిపోయింది. నీళ్ళ మీద తెల్లటి నురుగు లేచి, కాసేపటికి అదీ సర్దుకుంది. బాకాలు ఊదుతూ సంగీతం మొదలైంది. శభాష్, మొదటి పాఠం ముగిసింది అని తెర మీద పడింది.

"దూకలేదేంరా?" అంది అమ్మమ్మ మెల్లగా. "గొడుగు ఉంటుంది కదా వాళ్ళకి."

షోగో గబగబా ఊరికే ఎగిరే భాగంలోకి వెళ్ళాడు. తాళం పోయింది. యాభై ఏడో నంబరు తీసుకుని గాల్లోకి లేపాడు. "అమ్మమ్మా, ఇటు చూడు. ఇదీ అసలుది. చూడు, మలుపు! ఎలా తిరుగుతోందో చూడు." నిజంగానే అద్భుతంగా తిప్పాడు. తిప్పి, గడ్డి మైదానం మీదికి తెచ్చి, చక్రాలు తగిలిన చప్పుడు కూడా లేకుండా దించాడు. విమానం నెమ్మదిగా పరుగెత్తి ఆగింది. "వచ్చేశాడు చూశావా! క్షేమంగా దిగాడు."

అమ్మమ్మ చూసింది. మర్యాదగా, చుట్టాల పిల్లవాడి డాన్సు చూసినట్టు చూసింది.

"బాగా నడిపావు నాయనా," అంది.

"నేను కాదు, తాత..."

"ఇది నువ్వు నడిపావు కదరా. ఇందాకటిది దానంతటదే పోయింది."

"అమ్మమ్మా, విను. అదంతా ఉత్తది. తాత ఎలా పోయాడో ఎవరికీ తెలీదు. ఎవడో విదేశంలో కూర్చుని రాసిన పాఠం అది. ఆ విమానానికీ తాతకీ ఏ సంబంధమూ లేదు."

"నంబరు అన్నయ్యదేగా?"

"నంబరు నేనే వేశాను అమ్మమ్మా! నేను, నా చేత్తో!"

"మరి?" అంది ఆవిడ. కోపంగా అనలేదు. తెలిసినవాడివి నువ్వే వేశావు, తెలియకుండా ఎందుకు వేస్తావు అన్నట్టు అంది. మిచియో పుచ్చకాయ పళ్ళెం ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒక్క ముక్క కూడా ఎవరూ ముట్టుకోలేదు.

సాయంత్రం గుమ్మం ముందు పెద్దల్ని పిలిచే మంట వేశారు. ఆ వీధిలో ఇంటింటి ముందూ చిన్న మంట, చిన్న పొగ. అమ్మమ్మ మామూలుగానే ఉంది. ఎదురింటివాళ్ళు, "చూశారా, మీ అన్నగారి విమానం?" అని అడిగితే, "చూశానండీ, మనవడు చూపించాడు," అని నమస్కారం పెట్టింది. షోగోకి ఆ మంటలోకి దూకేద్దామనిపించింది.

భోజనాల వేళ ఆవిడే అన్నం వడ్డించింది. మిచియోకి, షోగోకి, తనకి. సోకిచి గిన్నె నిండా వడ్డించి చేతిలోకి తీసుకుంది. బల్ల మీద ఆయన చోటు ఖాళీగా ఉంది. మూత పక్కనే ఉంది. ఆవిడ మూత ముట్టుకోలేదు.

గిన్నె పట్టుకుని మోకాళ్ళ మీద మెల్లగా గూటి దగ్గరికి జరిగింది. వాళ్ళమ్మ పటం పక్కన ఖాళీ చేసి సోకిచి ఫోటో నిలబెట్టింది. దాని ముందు గిన్నె పెట్టి, పుల్లలు రెండూ కలిపి పట్టుకుని అన్నం నడిమధ్యన నిలువుగా గుచ్చింది. అవి పక్కకు ఒరగబోతే వేలితో సరిచేసింది.

"అమ్మా," అంది మిచియో. "ఆవిరి చూద్దామే. రోజూలాగే మూత పెట్టి చూద్దాం. పడుతుందే."

"పడుతుంది," అంది అమ్మమ్మ. "వేడన్నం కదా, పట్టకేం చేస్తుంది."

ఇన్నేళ్ళూ మిచియో ఏడిపించిన మాటే అది.

ఆవిడ షోగో వైపు తిరిగింది. చాప మీద రెండు చేతులూ ఆనించి, నుదురు దాదాపు నేలకు తాకేలా వంగింది. మనవడికి ఎవరూ అలా వంగరు. షోగో కంగారుగా లేచి ఆవిడ భుజాలు పట్టుకోబోయాడు.

"మా అమ్మ తెలుసుకోవాలని తెలుసుకోవాలని పోయింది," అంది. "నాకు నువ్వు తెలిపావు. నీ రుణం తీర్చుకోలేను నాయనా."

"అమ్మమ్మా, అది నిజం కాదు. ఒట్టు. నిజం కాదు."

ఆవిడ వాడి చేతి మీద చెయ్యి వేసి తట్టింది, చిన్నప్పుడు నారింజపండు పెట్టినట్టే. "ఇన్నేళ్ళూ అన్నయ్య పడిపోలేదురా. ఇంటికి రాలేదు, అంతే. ఇవాళ పడ్డాడు." ఆ మాట అన్నాక ఆవిడకి మొదటిసారి ఏడుపు వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల ఏడ్చినట్టు, చప్పుడు దాచుకోవడం తెలియకుండా ఏడ్చింది.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, అగరుబత్తీ తీసి షోగో చేతిలో పెట్టింది. "నువ్వే వెలిగించు."

షోగో అగ్గిపుల్ల గీశాడు. పక్కగదిలో టీవీ ఆపడం ఎవరికీ గుర్తులేదు. ఎవరూ మీట నొక్కకపోతే ఆట దానంతటదే మళ్ళీ మొదటికి వెళ్తుంది. "ముందున్నది శత్రు విమానం," అంటోంది మాస్టారి గొంతు.